అల్లుడి ల్యాప్‌టాప్‌కు ఐలన్న రీడింగులు

పటాన్‌చెరు మార్కెట్ వెనక గల్లీలోకి వెళ్లి ఐలన్న ఇల్లు ఎక్కడని అడిగితే, ఏ ఐలన్న అని ఎదురు అడుగుతారు. రీడింగుల ఐలన్న అంటే చాలు, చేతిలో పని పక్కన పెట్టి మరీ వాకిలి దాకా దిగబెడతారు. ఆ పేరు ఆయనకు ఊరికే రాలేదు. బొల్లారంలో ఒక మందుల కంపెనీలో ఇరవై మూడేళ్లుగా యుటిలిటీ సెక్షన్ ఆపరేటరు. పేరు పెద్దదే గానీ పని మూడే మూడు యంత్రాలతో. బాయిలర్ ఆవిరి పుట్టిస్తుంది. చిల్లర్ చలి పుట్టిస్తుంది. వేడెక్కి వచ్చిన నీళ్లను గాలికి చల్లార్చి మళ్లీ పంపేది కూలింగ్ టవర్. గంటగంటకూ ఈ మూడింటి చుట్టూ తిరగాలి, మీటర్లు చూడాలి, లాగ్‌షీట్ అనే పెద్ద కాగితం మీద గళ్లలో అంకెలు నింపాలి. అయిదో తరగతితో బడి మానేసి, హెల్పరుగా చేరి, ఆ కాగితం మీదనే చదువంతా నేర్చుకున్నాడు.

అలవాటు కంపెనీ గేటు దగ్గర దిగిపోతే బాగుండేది. దిగలేదు, బస్సెక్కి ఇంటికొచ్చింది. కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వచ్చింది, సిలిండరు ఎన్ని రోజులు వచ్చింది, నల్లా ఎంతసేపు పోసింది, అన్నీ రాతలోకి ఎక్కాల్సిందే. కంపెనీలో పారేసే పాత లాగ్‌షీట్లు తెచ్చి వాటి వెనకవైపు రాసేవాడు. ఒకసారి భార్య మొగులమ్మకు జ్వరం వస్తే గంటకోసారి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి గోరువెచ్చ, వేడి, బాగ వేడి అని రాసుకుంటూ కూర్చున్నాడు. ఆ సంగతి మొగులమ్మ ఇప్పటికీ మరిచిపోలేదు.

"నాకు జెరమొస్తె గోలీ దెచ్చుడు ఇడిసిపెట్టి లెక్క రాసిండు. గిసొంటి మనిషిని యాడ సూడలే" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఐలన్న మాత్రం, రాయడం వల్లనే కదా మూడో రోజుకు తగ్గిందని తెలిసింది అంటాడు. ఇలాంటి మనిషితో వాదించి ఎవరు గెలుస్తారు చెప్పండి.

వాళ్లకు ఒక్కతే కూతురు, స్వరూప. కామారెడ్డిలో ఇచ్చారు. అల్లుడు వీరేశం అక్కడ ఒక కంప్యూటర్ సెంటర్లో పని చేసేవాడు. నెమ్మదస్తుడు, చెయ్యి తిరిగినవాడు, కాస్త పట్టింపు మనిషి. రెండువేల ఎనిమిది ఎండాకాలంలో ఐలన్న కంపెనీ స్టోర్స్‌లో కంప్యూటర్ మీద కూర్చునే ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. స్టోర్స్ ఇన్‌చార్జి భీమశంకరం సారు ఆ మాట ఐలన్న చెవిన వేశాడు. ఐలన్న ఆ మాటను కామారెడ్డి దాకా మోశాడు. చూద్దాం, పదిహేను రోజులు ఉండి ఊరు ఎలా ఉందో చూసి చెబుతానన్నాడు వీరేశం. భార్యనూ ఏడాది పాపనూ వెంటబెట్టుకుని వచ్చాడు. పదిహేనో రోజు సోమవారం, ఆ రోజు సారును కలవాలి.

ఐలన్నకు ఆ పదిహేను రోజుల్లో ఉన్న కోరిక ఒకటే. బిడ్డ ఈ ఊళ్లో ఉండిపోవాలి. తన ఇంట్లోనే అక్కర్లేదు, నాలుగు గల్లీల అవతల ఉన్నా చాలు. అంత పట్టుదల ఎందుకో ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఇక బొంత సంగతి. అల్లుడు వస్తున్నాడని తెలిసిన రోజు నుంచీ మొగులమ్మ ఒక బొంత కుట్టింది. ఐలన్న పాత ఖాకీ యూనిఫారాలు పైన, తన నూలు చీరలు లోపల, మూడు పొరలు. పని సందుల్లో కూర్చుని కుట్టీ కుట్టీ వేళ్లకు కాయలు కాశాయి. అల్లుడు రాగానే ముందు గదిలో అది పరిచింది. అత్తగారు అల్లుడి ఎదుట కూర్చోదు, ఎదురుగా మాట్లాడదు, కొంగు తల మీద నుంచి జారనివ్వదు. చెప్పాల్సిందంతా స్వరూప నోటితోనే చెప్పిస్తుంది. ఆమె మర్యాద మొత్తం ఆ బొంతలో ఉంది.

వీరేశం దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. వచ్చిన రోజు సాయంత్రం దాన్ని బొంత మీద పెట్టి క్రికెట్ ఆట వేశాడు. ఇంటిల్లిపాదీ గుమిగూడారు. పక్కింటి రాజవ్వ కూడా వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. మొగులమ్మ వంటింటి గడప దాటదు గానీ, పొయ్యి మీది కూర మాడే దాకా అక్కడి నుంచే చూసింది. చివరి రెండు ఓవర్లు, పదమూడు పరుగులు కావాలి. వీరేశం బంతిని లేపాడు. బంతి గాల్లో ఉండగానే తెర టక్కున నల్లబడిపోయింది.

"ఏమైంది?" అంది స్వరూప.

"బందయింది" అన్నాడు వీరేశం. మళ్లీ వేస్తే వచ్చింది, అయిదు నిమిషాలకు మళ్లీ పోయింది. "ఈడ కరెంటు మంచిగ లేనట్టుంది" అన్నాడు.

ఆ మాట వంటింట్లో మొగులమ్మ గుండెలో పడింది. మరునాడు బొంతను రెండు మడతలు వేసింది. కింద బండ గట్టిగా ఉంటుంది, అంత సున్నితమైన సామాను అదురుతుందేమో అని ఆమె లెక్క. ఆ రోజు ఆట ఇంకా తొందరగా ఆగింది. మూడో రోజు బొంత మీద తలకింది మెత్త కూడా చేరింది. రెండు వైపులా దుమ్ము పడకుండా తువ్వాల కప్పింది. ఆట అరగంట కూడా నడవలేదు. నాలుగో రోజు ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. అల్లుడికి కాదు, ల్యాప్‌టాప్‌కు. వీరేశం నవ్వు బలవంతాన ఆపుకున్నాడు.

గల్లీలో కరెంటు పని చేసే నర్సన్న వచ్చి ఎర్తింగు లేదని తేల్చి గోడకు రెండు చోట్ల రంధ్రాలు వేసి పోయాడు. మార్కెట్‌లో ఒక రిపేరు కొట్టువాడు మూత కూడా తీయకుండా మదర్‌బోర్డు పోయిందన్నాడు. వీరేశం మొహం రోజురోజుకూ ముడుచుకుపోయింది. పదకొండో రోజు స్వరూప వంటింట్లో తల్లితో మెల్లగా అంది.

"కామారెడ్డిల గంటలు గంటలు నడిచిందమ్మా. ఈ ఊరు అచ్చిరాలే అంటుండు. సోమారం దాకా ఆగుడు ఎందుకు, పోదామంటుండు."

ఐలన్న మొదటి షిఫ్టు చేసి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆ మాట ఆయన చెవిన పడింది. చెంబు కింద పెట్టాడు. ఇల్లు నచ్చలేదనో, ఉద్యోగం నచ్చలేదనో అంటే చేసేదేం లేదు. యంత్రం ఆగుతోందట! ఇరవై మూడేళ్లుగా ఆగిపోయే యంత్రాలతోనే కదా తన కాపురం.

ఆ సాయంత్రం వీరేశం ఆట మొదలుపెట్టగానే ఐలన్న ల్యాప్‌టాప్ పక్కగా గోడ దగ్గర పీట వేసుకుని, చేతి గడియారం విప్పి ముందు పెట్టుకుని, పాత లాగ్‌షీట్ వెనక గీతలు గీశాడు. అయిదు నిమిషాలకోసారి గడియారం చూడటం, అల్లుడి వైపు ఒక చూపు, ఒక ముక్క రాయడం. వీరేశం ఒకసారి చూశాడు, రెండుసార్లు చూశాడు. మామ ఏమీ చెప్పడు, అల్లుడు ఏమీ అడగడు. ఆ ఇంట్లో వాళ్లిద్దరి మధ్య మాటలు అంత మాత్రమే. రెండో రోజూ అదే తంతు. మూడో రోజు మధ్యాహ్నం వీరేశం బ్యాగు తీసి బట్టలు సర్దడం మొదలుపెట్టాడు.

"నేను రోజు ఎంతసేపు ఆడుతున్ననో మీ నాయిన లెక్క రాస్తుండు" అన్నాడు స్వరూపతో. గొంతు పెంచలేదు, అదే ఆమెకు ఎక్కువ భయం వేసింది. "పని పాట లేనోడని నలుగురికి సూపెట్టనీకేనా? గీ మాట పడుకుంట ఈడ నౌకరీ జెయ్యాల్నా నేను?"

స్వరూప తండ్రిని ఎరిగిన పిల్ల. వెళ్లి దేవుడి పటం వెనక ఉన్న కాగితం తెచ్చి, మొగుడి ముందే పైకి చదివింది.

"అయిదు ఇరవై, ఆట షురూ, పక్కకు వచ్చె గాలి గోరువెచ్చ. అయిదు ముప్పై, వేడి. అయిదు ముప్పై ఎనిమిది, బాగ వేడి, పంక సప్పుడు మస్తు ఎక్కువ. అయిదు నలభై, ట్రిప్. పాటలు ఇన్నప్పుడు రెండు గంటలు, ట్రిప్ లేదు. కరెంటు పోయినంక బ్యాటరీ మీద ఆట, ఇరవై నిమిషాలు, ట్రిప్." చదవడం ఆపి మొగుడిని చూసింది. "ఇందుల నీ పేరు యాడుంది? ఆయన నిన్ను రాయలే. మిషన్‌ను రాసిండు."

వీరేశం ఆ కాగితం తీసుకుని నిలబడే మొత్తం చదివాడు. మడత పెడుతున్న చొక్కా చేతిలోనే ఉండిపోయింది. సిగ్గు వేసింది, దాచుకోలేదు. ఐలన్న షిఫ్టు నుంచి రాగానే తనే ఎదురు వెళ్లాడు.

"మామా, బ్యాటరీ మీద గూడ బందయిందని రాసినవ్. అంటె కరెంటుది తప్పు లేనట్టేనా?"

ఇన్ని రోజుల్లో అల్లుడు తనను అడిగిన మొదటి ప్రశ్న అది. ఐలన్న పళ్లెం ముందు కూర్చున్నవాడు చెయ్యి కడిగేసుకున్నాడు.

"లేదు అల్లుడా. కరెంటుదైతె బ్యాటరీ మీద ఆగొద్దు. పాటలకు ఆగుతలేదు, ఆటకే ఆగుతుంది. అంటె లోడు ఎక్కువైతె వేడి వడుతుంది. మా చిల్లర్ గూడ గంతే. నీళ్లు సల్లగ రాకుంటె తనంతల తానె బందయితది, గదే ట్రిప్. చెడిపోయి గాదు, చెడిపోకుండ. నీ మిషన్‌కు మంచిగ తెలివి ఉంది, తన పానం తనే కాపాడుకుంటుంది."

"మరి కామారెడ్డిల ఎందుకు ఆగలే?"

"ఆడ దేని మీద పెడుదువు?"

వీరేశం వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "టేబుల్ మీద. ఈడ గూడ కింద బండ మీద పెట్టుకుందునె. అత్తమ్మ గంత మంచిగ పరిస్తె తియ్యుమని ఎట్లంట మామా? రోజుకో మడత పెరుగుతుంది. అనుమానమైతె ఉండె, కరెంటు మీదికి తోసిన."

ఐలన్న ల్యాప్‌టాప్‌ను తిరగేసి పట్టుకున్నాడు. అడుగున సన్నని చీలికలు. లోపలి పంకా గాలి పీల్చుకునేది అక్కడి నుంచే. బొంతా, మెత్తా ఆ చీలికలను నిండుగా మూసేస్తున్నాయి. ఊపిరాడక వేడెక్కుతోంది పాపం. అయినా ఐలన్న వెంటనే తేల్చలేదు. ఒక్కసారికి ఒక్క వాల్వే తిప్పాలి, రెండు తిప్పితే ఏది పనిచేసిందో తెలియదు. అది ఆయన సిద్ధాంతం. ముందు నవారు మంచం మీద పెట్టి ఆడించాడు, నలభై నిమిషాలు నడిచింది. బండ మీద రెండు పుస్తకాల అంచున నిలబెట్టి ఆడించాడు, యాభై నిమిషాలు. బాగుపడింది గానీ పూర్తిగా కాదు.

"ఇంక ఏదో ఉంది" అన్నాడు ఐలన్న. "మూత ఇప్పుదామా? నీ సామాను, నువ్వు అంటెనే."

"ఇప్పుదాం మామా."

నర్సన్న దగ్గర చిన్న స్క్రూడ్రైవరు తెచ్చారు. ముందు బ్యాటరీ ఊడదీశారు. స్క్రూలను ఎక్కడివి అక్కడ కాగితం మీద వరసగా పేర్చి పక్కన నంబర్లు వేశాడు ఐలన్న. మూత రాగానే ఇద్దరూ తలలు దగ్గర పెట్టి చూశారు. చిన్న పంకా, దాని ముందు సన్నని రేకుల వరస. రేకులకూ పంకాకూ మధ్య బూడిద రంగు దుమ్ము చాప ముక్కలా పేరుకుని ఉంది. చాలావరకు అది ఇక్కడి దుమ్ము కాదు, అంతకు ముందు వాడినవాళ్ల ఇంటి నుంచి ఏళ్లుగా మోసుకొచ్చింది; మిగిలిన కాస్త సందునూ బొంత నూలు పోగులు పూడ్చేశాయి.

"మా చిల్లర్ గొట్టాలకు గిట్లనే పాచి పడ్తది" అన్నాడు ఐలన్న సంబరంగా. జబ్బు దొరికితే ఇంత సంతోషపడే డాక్టరును ఎక్కడా చూడం. వీరేశం పంకా తిరగకుండా వేలితో పట్టుకున్నాడు, ఐలన్న పెయింటు బ్రష్షుతో దుమ్ము మొత్తం ఊడ్చాడు. మామా అల్లుళ్లు గంటన్నర ఒకే దీపం కింద కూర్చోవడం అదే మొదటిసారి. స్వరూప చాయ్ తెచ్చి ఇచ్చి, చల్లారిపోయాక తీసుకుపోయి, మళ్లీ వేడి చేసి తెచ్చింది.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చిపడింది. బొంత సంగతి మొగులమ్మకు ఎవరు చెప్పాలి? అల్లుడు చెప్పలేడు. ఐలన్న రెండుసార్లు వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాడు. చెప్పాల్సిన పని లేకపోయింది. గడప అవతల నిలబడి ఆమె మొదటి నుంచీ అంతా వింటూనే ఉంది. కొంగు సర్దుకుని బయటికి వచ్చింది. మొహం చిన్నబోయింది. ల్యాప్‌టాప్ కింద నుంచి మెత్త తీసింది, బొంత లాగింది, వాకిట్లోకి తీసుకుపోయి రెండుసార్లు గట్టిగా దులిపింది. తెచ్చి మూలన పరిచి నిద్రపోతున్న మనవరాలిని దాని మీద పడుకోబెట్టింది.

"దీనికైతె ఊపిరాడుతది గద" అంది ఐలన్నతో.

తర్వాత రొట్టెల పీట కడిగి, తుడిచి, తెచ్చి వీరేశం ముందు పెట్టింది. ఎవరి నోటా చెప్పించకుండా తనే అంది. "గీ పీట మీద పెట్టుకో బిడ్డా. మెత్తగుంటె మంచిదనుకున్న, నాకేం తెలుసు."

వీరేశం లేచి నిలబడ్డాడు. "నీ బొంత మీద పన్నెండొద్దులు పండుకున్న అత్తమ్మా. గసొంటి నిద్ర మా ఇంట్ల గూడ పట్టలే" అన్నాడు. మొగులమ్మ నవ్వు దాచుకోవడానికి గబగబా వంటింట్లోకి వెళ్లిపోయింది.

మరునాడు ఆదివారం. ఐలన్నకు సెలవు. పొద్దున్నే పీట మీద ఆట మొదలైంది. రెండు వైపులా యాభై ఓవర్లు. రాజవ్వ వచ్చింది, నర్సన్న వచ్చాడు, మొగులమ్మ ఈసారి గడప దాటి వచ్చి స్వరూప వెనక కూర్చుంది. తెర ఒక్కసారి కూడా నల్లబడలేదు. వీరేశం మాత్రం నాలుగు పరుగుల తేడాతో ఓడిపోయాడు. "మిషన్ సల్లగున్నది, ఆడెటోడే వేడెక్కిండు" అని నర్సన్న ఎగతాళి చేస్తే అందరికన్నా ఎక్కువ నవ్వింది స్వరూప. ఐలన్న ఆమెనే చూస్తూ కూర్చున్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వాకిట్లో వేపచెట్టు నీడన మంచం మీద మామా అల్లుడూ మిగిలారు. వీరేశమే మొదలుపెట్టాడు.

"ఇగ కరెంటు మీద తోసెటట్టు లేదు మామా. ఉన్న మాట చెప్త. ఈడ నౌకరి జేస్తె మా దిక్కు అందరు ఇల్లరికం పోయిండంటరు. నువ్వు ఏరె ఇల్లు కిరాయికి సూస్తనంటవు, నాకు ఎరుకే. అయినా అంటరు. గది నాతోని పడుడు కాదు."

ఐలన్న దగ్గర దీనికి రీడింగులేమీ లేవు. ఒక్కసారికి ఒక వాల్వు తిప్పితే తేలే సంగతి కాదు ఇది. చివరికి, ఎవరికీ ఎప్పుడూ చెప్పనిది చెప్పాడు.

"అల్లుడా, నిన్ను బలిమి జెయ్య. ఒక్క ముచ్చట ఇను. నాకు ఇరవై మూడేండ్లు మూడు షిఫ్టులు. పొద్దుగాల బస్సుకు పోతె పిల్ల పండుకొని ఉండె. రెండో షిఫ్టు జేసి వస్తె పండుకొని ఉండె. రాత్రి షిఫ్టు జేసి వచ్చి నేను పండుకుంటె, అది బడికి పోతుండె. నా బిడ్డ నడిసింది నేను సూడలే. మొదటి మాట ఏం మాట్లాడిందో మీ అత్తను అడిగి తెలుసుకున్న. మెలుకువ మీద ఉన్న నా బిడ్డను నేను జెర సూసింది పెండ్లి పనుల్ల. గప్పుడే నీ ఎంబడి పంపిన. ఈ పద్నాలుగొద్దులు రోజు దాని నవ్వు ఇన్న. ఇంకిన్ని రోజులు ఇనాలనిపించింది. నా ఆశ గంతే. నువ్వు పోతనంటె బస్సు కాడికి నేనే బ్యాగు మోస్త, మనసుల ఏం పెట్టుకోను."

లోపల పాప లేచి ఏడవడం మొదలుపెట్టింది. వీరేశం లేచి వెళ్లి ఎత్తుకుని, భుజాన వేసుకుని, గల్లీ చివరి దాకా నడిచి, చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు.

సోమవారం ఐలన్నకు మొదటి షిఫ్టు. వీరేశం ఎటు వెళ్తాడో అడగకుండానే తెల్లవారుజామున బస్సెక్కాడు. కామారెడ్డి బస్సు తొమ్మిదింటికి. తొమ్మిది దాటింది. పదీ దాటింది. కూలింగ్ టవర్ దగ్గర నీళ్ల చప్పుడులో నిలబడి గేటు వైపు మెడ సాచి చూశాడు, ఏమీ కనబడలేదు. పదకొండు కావస్తుండగా భీమశంకరం సారు స్టోర్స్ నుంచి నడిచి వచ్చాడు.

"ఐలన్నా, మీ అల్లుడు ఏం మనిషయ్యా?" అన్నాడు.

ఐలన్న ఇటు తిరిగాడు. "ఏం జేసిండు సార్?"

"పని చూపిస్తే పది నిమిషాల్లో పట్టుకున్నాడు. జీతమెంతో అడగలేదు. స్టోర్స్‌లో కూడా మూడు షిఫ్టులు ఉంటాయి, రాత్రిళ్లు చేస్తే పైన కొంత వస్తుందని నేనే చెప్పాను. తల అడ్డంగా ఊపాడు. పొద్దున వచ్చి సాయంత్రం పోయే డ్యూటీ ఇస్తేనే సంతకం పెడతానన్నాడు. ఎందుకయ్యా అంటే, మా పాప మెలుకువతో ఉన్నప్పుడు నేను ఇంట్లో ఉండాలె సార్ అన్నాడు. ఈ ఫ్యాక్టరీల బెల్ట్‌లో ఇన్నేళ్లుగా మనుషులను తీసుకుంటున్నా, ఆ మాట అన్నవాడిని చూడలేదు."

"మీరేమన్నరు సార్?"

"ఇచ్చాను. సంతకం పెట్టి, ఇల్లు వెతుక్కోవాలని వెళ్లాడు."

ఐలన్న తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. టవర్ నీళ్ల తుంపర పడుతోంది కాబట్టి సారుకు తేడా తెలియలేదు.

"మంచి మనిషి సార్" అన్నాడు. "చాన మంచి మనిషి."